సల్సాకు ఎవరు ఉప్పు వేశారు

దమ్మపేట,
జూన్ 19, గురువారం.

సంగీత అక్కకు,

ముందుగా నా తప్పులకూ, ఈ వంకర అక్షరాలకూ క్షమించు. ఏడో తరగతి తర్వాత నేను పెన్ను పట్టింది పెళ్లి సంతకానికీ, పాలవాడు రాని రోజున క్యాలెండర్ మీద గీత పెట్టడానికీ మాత్రమే. ఒత్తు ఎక్కడ పెట్టాలో తోచనప్పుడు రెండు చోట్లా పెట్టాను, నీకు నచ్చినది ఉంచుకో. కాగితం తడిగా ఉంటే ఏడ్చాననుకోకు. అది కొత్తిమీర తడి. సవరయ్య మామ గురువారం మా వీధిలో కూరగాయల ఆటో ఆపుతాడు, సోమవారం మీ హాస్టలుకు కూరలు దింపుతాడు. "ఏందమ్మా, కొనేటోళ్లు కొత్తిమీర తీస్కపోతరు గానీ నాకే కట్ట ఇస్తనంటున్నవ్" అని నవ్వి, ఉత్తరం దాచిన కట్టను సీటు కింద పెట్టుకుని తెస్తానన్నాడు.

ఫోన్ చెయ్యొచ్చు కదా అంటావు. మీ అడవిలో సిగ్నల్ కావాలంటే నీళ్ల ట్యాంకు ఎక్కాలి. మా ఇంట్లో ఐదు ఫోన్లున్నాయి, సిగ్నల్ కూడా ఉంది. కానీ నాకు ఏ ఫోన్ వచ్చినా అత్తగారు స్పీకరులో పెట్టి, "మాట్లాడుకో అమ్మా, మేమేం వినట్లేదులే" అని పక్కనే కూర్చుంటారు.

విశేషం ఏమిటంటే మా తోడికోడలు పద్మప్రియ అక్క వంటల చానెల్ పెట్టింది. ఆమె డిగ్రీ చదివింది. చానెల్లో మొహం ఆమెది, మాట ఆమెది, చేతులు నావి. కోసే సమయానికి ఆమె పక్కకు జరుగుతుంది, నేను ఆమె గాజులు తొడుక్కుని ఆ జాగాలోకి వస్తాను. మా ఆయన ఫోన్ పట్టుకుని నా మణికట్ల దాకా మాత్రమే తీస్తారు. గాజులు నాకు వదులై మోచేతి దాకా జారుతుంటే లోపల దారం కట్టారు.

ఈ వారం సల్సా చేశాం. "ఫ్రెండ్స్, ఇది మెక్సికో దేశం వాళ్ల వంట. దీనికి స్టవ్వే అక్కర్లేదు" అని పద్మప్రియ అక్క మొదలుపెట్టింది. వెనకనుంచి మా అత్తగారు, "పొయ్యి ముట్టించకుండా వంటెలా అవుద్దే?" అన్నారు. అదంతా మళ్లీ తీయాల్సి వచ్చింది.

గట్టి టమాటాల గింజలు తీసేసి శనగగింజంత ముక్కలు కొయ్యాలి. గింజలు పారేస్తుంటే అత్తగారు గిన్నె తెచ్చి పట్టుకున్నారు, చారులోకి పనికొస్తాయని. ఉల్లిపాయ ఇంకా సన్నగా కోసి ఒకసారి చన్నీళ్లలో కడగాలి. పచ్చిమిర్చి, కాడలతో సహా కొత్తిమీర, నిమ్మరసం. ఉప్పు మాత్రం తినబోయే ముందే వెయ్యాలి. ముందే వేస్తే పది నిమిషాల్లో టమాటా నీరు వదిలేస్తుంది. అక్కా, మనం మిరపకోతలకు వెళ్లినప్పుడు మధ్యాహ్నం గట్టు మీద కూర్చుని అన్నంలోకి చేసుకున్నది ఇదే కదా? దానికి పేరు ఉందని మనకెవరూ చెప్పలేదు.

కెమెరా ఆపగానే మా అత్తగారు గిన్నె లోపలికి తీసుకెళ్లి ఆవాలు, ఎండుమిర్చి, ఇంగువతో తాలింపు పెట్టారు. మామగారు వేడన్నంలో కలుపుకుని, "ఫారిన్ పచ్చడి మన పచ్చడంత రాదులే" అని మారు వడ్డించుకున్నారు. నేను ఇంకా రుచి చూడలేదు. ఈ ఇంట్లో వండేవాళ్లు నోట్లో వేసుకుని చూడకూడదు. దేవుడికి, తర్వాత మామగారికి, తర్వాత మగవాళ్లకు, ఆ తర్వాతే మేము. నాలుగేళ్లుగా నాకు ఉప్పు వేళ్లతోనే తెలుస్తోంది.

నీ చెల్లెలు,
ప్రసూన.


ములకలపల్లి అవతల, హాస్టల్ వంటగది,
జూన్ 23, సోమవారం.

ఒసేయ్ ప్రసూనా,

నీ ఉత్తరం చదివి ట్యాంకు ఎక్కాను. నలభై రెండు మెట్లు. నా మోకాళ్ల ఉసురు మీ పద్మప్రియకు తగులుతుంది. వీడియో చూశాను. మొహం రాకముందే చేతులు గుర్తుపట్టాను. ఎడమ బొటనవేలి మీద కొడవలి మచ్చ అలాగే ఉంది. అది నా చేతిలో కొడవలి జారి తగిలింది, మన అమ్మకు గడ్డి కోసుకుందని చెప్పాం. అంత పౌడరు పూసుకున్న మనిషి ఆ మచ్చకు కాస్త పూయలేకపోయిందా?

కింద ఎంతమంది మెచ్చుకున్నారో చూశావా? "మేడం మీ చేతులు మిషన్ లాగా ఉన్నాయి" అని ఒకాయన రాశాడు. మేడం దండం బొమ్మ పెట్టింది. ఆ దండం పెట్టిన చేతులు మాత్రం ఆమెవే అయివుంటాయి.

ఇవాళ మధ్యాహ్నం నేనూ ఇక్కడ పిల్లలకు సల్సా చేశాను. నూట పదిమందికి టమాటా గింజలు తీస్తూ కూర్చుంటే తెల్లారిపోతుంది, గింజలతోనే కోశాను. ఒక పిల్ల తిని, "ఇది మా అమ్మ చేనుకాడ చేస్తది గద ఆంటీ" అంది. అప్పుడే తనిఖీకి ఒక సారు వచ్చాడు. టమాటా ఉల్లిపాయ ముక్కలు అని చెబితే మొహం చిట్లించి, "కూర ఏది?" అన్నాడు. సల్సా అన్నాను. రిజిస్టరులో "పోషక విలువలు గల విదేశీ వంటకం" అని రాసి, ఇంకొంచెం వేయించుకుని వెళ్లాడు.

అది సరే. చానెల్లో అత్త పేరుంది, మామ పేరుంది, "కెమెరా నాని" అని మీ ఆయన ముద్దుపేరు కూడా ఉంది. నీ పేరు ఎక్కడ? నీకేం కావాలో ఒక్క ముక్క రాయి. "ఏం వద్దక్కా" అని రాస్తే ఆ కాగితం పొయ్యిలో పెడతాను.

సంగీత.


దమ్మపేట,
జూలై 3, గురువారం.

అక్కకు,

నువ్వు అడిగింది వారం రోజులు ఆలోచించాను.

మా వంటింటి కిటికీలోంచి సత్తుపల్లి బస్సు కనిపిస్తుంది. పొద్దున ఎనిమిదీ పదికి. టీచర్లు, దుకాణాల్లో పనిచేసే ఆడవాళ్లు టిఫిన్ డబ్బా సంచుల్తో ఎక్కుతారు. నాకు ఆ బస్సెక్కి రోజూ ఒక పనికి వెళ్లి రావాలని ఉంది. ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. నీకు కూడా కాగితం మీద కాబట్టి చెప్పగలిగాను.

ఇప్పుడు దానికి దారి కనిపించింది, కనిపించగానే ఇంకొకరు దాంట్లో నిలబడ్డారు. మా సల్సా వీడియో హైదరాబాద్‌లో ఎవరో కంపెనీవాళ్లు చూశారట. సత్తుపల్లి బస్టాండు రోడ్డులో పచ్చివి, తాజావి అప్పటికప్పుడు చేసిచ్చే కౌంటర్ పెడుతున్నారు. ఇంట్లో చేసే ఆడమనిషి కావాలట. బసవపున్నయ్య గారని పెద్దాయన, తబితా మేడం అని ఒకామె పన్నెండో తారీఖు శనివారం వచ్చి, చేసి చూపించమంటారట, నచ్చితే పని ఇస్తారట.

రాత్రి భోజనాలయ్యాక మావాళ్లు కూర్చుని తీర్మానించారు. కౌంటర్లో పద్మప్రియ అక్క నిలబడాలి. ముక్కలన్నీ నేను మూడున్నరకే లేచి ఇంట్లో కోసి డబ్బాల్లో సర్దాలి. మామగారు, "కష్టం పంచుకుంటే తేలిక" అన్నారు. పంచిన తీరు చూస్తే నాకు నవ్వొచ్చింది, పైటకొంగు అడ్డం పెట్టుకున్నాను. అంటే అక్కా, ఆమె ఎంపికైతే నేను ఇక జన్మలో ఆ కిటికీ దాటను. బస్సు వెళ్లే టైముకు నా చేతిలో కత్తి ఉంటుంది.

మా ఆయనతో మెల్లగా అన్నాను, "నేను వెళ్తే ఎలా ఉంటుందండీ" అని.

"నువ్వా? నలుగురి ముందు నోరు తెరుస్తావా నువ్వు?" అన్నారు.

కోసేది నోటితో కాదు కదండీ అని మనసులో అనుకున్నాను. పైకి తల వంచుకున్నాను. "అదీ, నువ్వే ఒప్పుకున్నావు" అన్నారాయన.

నీకు గుర్తుందా, మా అత్తగారు నన్ను చూసింది మిరపచేలో. "పొద్దుట్నించీ చూస్తున్నా, పిల్ల ఒక్కసారి తల ఎత్తలేదు" అని మెచ్చి కోడలిని చేసుకున్నారు. మిరపకాయలు కోసేవాళ్లెవరైనా తల ఎత్తుతారా అక్కా?

ఆ రోజు ఏర్పాటు కూడా చెప్పారు. నేను వంటింట్లో అంతా కోసి గిన్నెలో ఉంచాలి. ఉప్పు మాత్రం పద్మప్రియ అక్క వాళ్ల ముందు చల్లి, కలిపి, నవ్వాలి. నవ్వు రెండు రోజులుగా అద్దం ముందు ప్రాక్టీసు చేస్తోంది.

ప్రసూన.


హాస్టల్,
జూలై 7, సోమవారం.

ప్రసూనా,

బస్సు గురించి చదివి కాసేపు పొయ్యి దగ్గరే కూర్చున్నాను. అన్నం అడుగంటింది, పిల్లలు నన్ను తిట్టుకున్నారు. నువ్వు మొదటిసారి ఒకటి కావాలన్నావు కాబట్టి పోనీ అనుకున్నాను.

ఒక మాట చెప్తాను విను. నువ్వు తల వంచుకోవడం మానెయ్యి. నువ్వు వంచిన ప్రతిసారీ ఎదుటివాడు తనకు ఏ జవాబు కావాలో అదే నువ్వు చెప్పావనుకుంటాడు. మీ ఆయనకు "సరే" అని వినిపించింది. మీ అత్తకు "అలాగే" అని వినిపిస్తుంది. నీ మెడ ఒక్కటే, దాంతో ఇంటిల్లిపాదీ వాళ్ల వాళ్ల పనులు చేయించుకుంటున్నారు. నీకు ఒక్క పనీ కాదు.

శనివారం వాళ్లు వచ్చినప్పుడు లేచి నిలబడి, "కోసింది నేను" అను. రెండు మాటలు. నావల్ల కాదంటే నేనే వచ్చి అరుస్తాను. మీ అత్త నన్ను మళ్లీ గడప ఎక్కనివ్వదు, ఎక్కనివ్వకపోతే మానె.

ఇక్కడ వానలు. వాగు దాటి సవరయ్య ఆటో వస్తుందో రాదో.

సంగీత.


దమ్మపేట,
జూలై 17, గురువారం.

అక్కకు,

అయిపోయింది. ఏది ముందు రాయాలో తెలియక జరిగినట్టే రాస్తున్నాను.

శనివారం పొద్దున్నే తలస్నానం చేసి కత్తిపీట ముందు కూర్చున్నాను. తొమ్మిదిన్నరకు కోయడం అయిపోయింది. గిన్నెలో ఊరిన నీరు ఒకసారి వంపేసి మూత పెట్టాను. పది గంటలకు అత్తగారు మడిచీర కట్టుకుని వంటింట్లోకి వచ్చారు. తర్వాత మా ఆయన వచ్చి వెళ్లారు. పదకొండుకు వాళ్లు కారు దిగారు.

బసవపున్నయ్య గారు పెద్దమనిషి, మజ్జిగ తాగి మామగారితో పామాయిల్ గెలల గురించి మొదలుపెట్టారు. తబితా మేడం మాత్రం నోట్‌బుక్ తీసి కూర్చుంది. పద్మప్రియ అక్క పట్టుచీరలో గిన్నె పట్టుకుని వచ్చి, "ఫ్రెండ్స్" అని మొదలుపెట్టి, నాలుక కరుచుకుని, "నమస్తే అండీ" అంది. ఉప్పు ఎత్తునుంచి చల్లింది, చానెల్లో చల్లినట్టు. కలిపితే గరిట మునిగింది.

"నీరెక్కువ ఉందే?" అంది మేడం.

"ఇది జ్యూసీ స్టైల్ అండీ" అంది పద్మప్రియ అక్క.

చిప్స్ దొరక్క అప్పడాలు విరిచి పెట్టాం. మేడం ఒక అప్పడం ముక్క ముంచి నోట్లో పెట్టుకుంది. నమల్లేదు. అలాగే నన్ను చూసింది, గోడను చూసింది, చెంబు నీళ్లు తాగింది. బసవపున్నయ్య గారు పెద్ద ముక్క తీసుకున్నారు పాపం. మింగి, "సముద్రం మీకు దగ్గరేం కాదే" అన్నారు.

మా ఇంట్లో ఎవరూ రుచి చూడలేదు కదా, వాళ్లకేం తెలుసు. అతిథులు తినకముందు నోట పెట్టుకోకూడదు. మామగారు ఒక చెంచా తిన్నాక మా వైపు తిరిగి, "ఉప్పెవరు వేశారు?" అన్నారు.

"నేనే కొంచెం వేశానండీ, చివర్లో వేస్తే ముక్కకు పట్టదని" అన్నారు అత్తగారు.

మా ఆయన అరచెయ్యి చూపించి, "నేను ఒక్క చిటికెడే. వదిన టెన్షన్లో మర్చిపోద్దని" అన్నారు.

"మీరెందుకు వేశారు? నేను వేస్తానని వారం నుంచి చెప్తున్నాను కదా!" అని పద్మప్రియ అక్క ఏడుపు మొదలుపెట్టింది. నవ్వు ప్రాక్టీసంతా పోయింది. మామగారు నా వైపు చూస్తే తల వంచుకున్నాను. "పాపం, దానికేం తెలుసు" అన్నారు.

అప్పుడు తబితా మేడం, "పర్వాలేదమ్మా, ఇంకోసారి మా ముందే కోసి చెయ్యండి, కూర్చుంటాం" అంది. పద్మప్రియ అక్క చెయ్యి బెణికిందంది. ఏ చెయ్యి అంటే కుడి అంది, తర్వాత కళ్లు తుడుచుకోవడానికి అదే చెయ్యి ఎత్తింది. మేడం తన ఫోన్లో మా వీడియో పెట్టి ఆపి, బొమ్మ పెద్దది చేసింది. నా బొటనవేలు, నీ కొడవలి మచ్చ.

"ఈ చెయ్యి ఎవరిది?"

నువ్వు చెప్పిన రెండు మాటలు గొంతు దాకా వచ్చాయి, అక్కడే ఆగాయి. కానీ అక్కా, నా చెయ్యి దానంతట అదే లేచింది, బడిలో హాజరు పిలిచినప్పుడు లేచినట్టు.

నేలమీద కత్తిపీట వేసుకుని కూర్చున్నాను. ఆరు టమాటాలు, రెండు ఉల్లిపాయలు, మూడు మిరపకాయలు. గాజులు నావే, రెండేసి మట్టిగాజులు. తల ఎత్తలేదు. చివర్లో ఉప్పు వేసి ఇచ్చాను.

"రుచి చూశావా?" అంది మేడం.

"మా ఇంట్లో అలవాటు లేదండీ, పెద్దవాళ్లు తినకముందు" అన్నారు అత్తగారు.

"కౌంటర్లో రుచి చూడకుండా ఇస్తే మాకు కుదరదమ్మా. చూసి చెప్పు" అని చెంచా నా చేతికిచ్చింది.

దేవుడి కన్నా ముందు, మామగారి కన్నా ముందు, నా భర్త కన్నా ముందు, అందరూ చూస్తుండగా చెంచా నోట్లో పెట్టుకున్నాను. నాలుగేళ్లలో నా చేతి వంట చేసిన వెంటనే నేను తిన్నది అదే. "ఇంకొంచెం నిమ్మకాయ పడాలి" అన్నాను. మాట బయటికి వచ్చింది, అందరికీ వినిపించింది. అత్తగారే వెళ్లి నిమ్మకాయ తెచ్చారు, ఎందుకు తెచ్చారో ఆమెకే తెలియనట్టుంది.

నన్నే రమ్మన్నారు అక్కా. మామగారు వారం ఆలోచించి చెప్తామన్నారు. సాయంత్రానికే వీధి చివర దుకాణంలో, "మా చిన్న కోడల్లో ఆ పనితనం మొదట కనిపెట్టింది నేనే" అని చెప్పుకుంటున్నారని సవరయ్య మామ చెప్పాడు. కాబట్టి పంపిస్తారు.

ప్రసూన.


హాస్టల్,
జూలై 21, సోమవారం.

ప్రసూనా,

ముందు నీ ఉత్తరం పిల్లలందరికీ చదివి వినిపించాను. చెయ్యి లేచిన చోట చప్పట్లు కొట్టారు. నేను కొట్టలేదు, ఉల్లిపాయలు కోస్తున్నాను, అందుకే కళ్లు మండాయి.

రెండోసారి చదివితే నాకు ఒక సందేహం వచ్చింది. తొమ్మిదిన్నరకు గిన్నెలో నీరు వంపేశానన్నావు. గింజలు తీసిన గట్టి టమాటాకు నీరెక్కడిది? ఉప్పు పడితేనే వదులుతుందని నువ్వే జూన్ నెలలో రాశావు. మీ అత్త వచ్చింది పదింటికి. మీ ఆయన ఆ తర్వాత. పద్మప్రియ పదకొండు తర్వాత. మరి తొమ్మిదిన్నరకు వంటింట్లో ఉన్నది ఎవరే?

పిల్లలకు ఈ సంగతి చెప్పలేదు. నాకు మాత్రం నిజం రాయి.

సంగీత.


సత్తుపల్లి,
ఆగస్టు 18.

అక్కకు,

ఈ ఉత్తరం కొత్తిమీరలో రావడం లేదు, అందుకే అక్షరాలు కొంచెం తిన్నగా ఉన్నాయి. మధ్యాహ్నం గిరాకీ లేనప్పుడు కౌంటర్లో కూర్చుని రాశాను, బస్టాండు పోస్టు డబ్బాలో వేస్తాను. ఎనిమిదీ పది బస్సులో కిటికీ పక్క సీటు దొరికితే మా వంటింటి కిటికీ కనిపిస్తుంది. ఇప్పుడు అందులోంచి పద్మప్రియ అక్క కనిపిస్తుంది. చానెల్లో మొన్న "మా చెల్లి ప్రసూన" అని నా పేరు చెప్పింది. అత్తగారు నా టిఫిన్ డబ్బా కట్టి, "అక్కడన్నా రుచి చూసి చెయ్" అని నాకే నేర్పి పంపుతున్నారు. కౌంటర్ మీద తాలింపు వేసిన సల్సా కూడా అమ్ముతున్నాం, అదే ముందు అయిపోతోంది. అది ఆమెకు ఇంకా చెప్పలేదు.

ఇక నువ్వు అడిగింది.

మొదటి ఉప్పు నాదే. పొద్దున్నే, ఎంత వెయ్యాలో అంతే వేశాను. వెయ్యొద్దన్నారు కానీ వేశాను. దాంతో వదిలేసి ఉంటే మంచి సల్సానే, నీరు వంపేస్తే సరిపోయేది.

పదింటికి అత్తగారు వచ్చి, "ఉప్పు ఇంకా వెయ్యలేదు కదూ?" అన్నారు. నేను తల వంచుకున్నాను. ఆమె వేశారు. మా ఆయన వచ్చి, "ఉప్పు పడలేదు కదా?" అన్నారు. తల వంచుకున్నాను. ఆయన వేశారు. గిన్నె అందిస్తుంటే పద్మప్రియ అక్క చెవిలో, "నా కోసం ఉప్పు ఆపే ఉంచావుగా?" అంది. అప్పుడూ వంచుకున్నాను. నేను ఎవరికీ అబద్ధం చెప్పలేదు అక్కా. ఎవరు ఏ జవాబు కోరుకున్నారో వాళ్లకది దొరికింది. తల వంచితే ఇంటిల్లిపాదీ వాళ్ల పనులు చేయించుకుంటున్నారని జూలై ఏడున నువ్వే రాశావు. నేను నా పని ఒకటి చేయించుకున్నాను. కాబట్టి సగం తప్పు నీది.

బసవపున్నయ్య గారి విషయంలో మాత్రం బాధగా ఉంది. ఆయన తినబోతున్నారని చూసి కూడా ఊరుకున్నాను. ఇప్పుడు కౌంటర్‌కు వచ్చినప్పుడల్లా ఆయనకు ఒక చెంచా ఎక్కువ వేస్తున్నాను. ఎందుకని ఆయన అడగలేదు.

దీపావళికి నువ్వు మా ఇంటికి వస్తావు. అత్తగారు నీకు కుర్చీ వేసి, కాఫీ ఇచ్చి, "సంగీతా, ఆ ఉప్పు సంగతి నీకేమైనా తెలుసా?" అని అడుగుతారు, నాకు తెలుసు. నన్ను అడిగితే నేను తల వంచుకోగలను. నీకు ఆ విద్య రాదు, నీ మొహం చూస్తేనే అంతా బయటపడుతుంది. అందుకని నీకు దండం పెడతాను, చదివిన వెంటనే ఈ ఉత్తరం హాస్టల్ పొయ్యిలో పెట్టి, పూర్తిగా కాలేదాకా అక్కడే నిలబడు.

నీ చెల్లెలు,
ప్రసూన.